శుక్రవారం ప్యాకెట్

ఆ శనివారం నేను చేయవలసిన పనులు ఇవి:

హారూనాకు స్పృహ వచ్చిందేమో ఆస్పత్రిలో కనుక్కోవాలి.
గేటు దగ్గరి గార్డు గదిని ఎవరూ ఊడ్చకముందే తాళం వేయించాలి.
బిత్రుస్‌తో మనీష్ కంటే ముందు మాట్లాడాలి.
సాయంత్రం లోపల వేణుగోపాలరావు సార్‌కు రిపోర్టు చెప్పాలి.
మెట్‌పల్లిలో అమ్మకు ఫోన్ చేసి, నేనున్నది దుబాయ్ కాదు ఖతార్ అని ఇంకోసారి చెప్పాలి.

మూడో పని, నేను మా గార్డులు ఉండే అబూ హమూర్ క్యాంప్ ఆఫీసు మెట్లు ఎక్కుతుండగానే చెయ్యి జారిపోయింది. లోపల మనీష్ గొంతు వినిపిస్తోంది.

మాది సెక్యూరిటీ గార్డులను పంపే కంపెనీ. గార్డుల మీద ఫిర్యాదు వచ్చినా, గార్డులకు ఏదైనా జరిగినా ముందు విచారించేది మనీష్, నేను. ఇద్దరం ఒకే నెలలో చేరాం. ఇప్పుడతని కార్డు మీద సీనియర్ అని ఉంది. నా కార్డు మీద భావన అని, దాని కింద ఫోన్ నంబరు ఉన్నాయి. అతని తండ్రి ఇక్కడే ఇంజనీరు. అతను ఉయ్యాల్లో నేర్చిన ఇంగ్లీషును నేను డిగ్రీ హాస్టల్లో దీపాలార్పే దాకా బట్టీ పట్టాను. అతన్ని చూసి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఆ రోజు నేను అంత తొందరగా బయల్దేరడానికి న్యాయం ఒక కారణమైతే, మనీష్ రెండో కారణం.

“రండి భావన గారూ,” అన్నాడు మనీష్ కుర్చీలోంచి లేవకుండానే. “మీకోసం ఆగుదామనుకున్నా. కేసు ఆగలేదు.”

“అయిపోయిందా?”

“దాదాపు. పోలీసులతో పనులు చూసే మన పీఆర్వోకి చెప్పాను. సాయంత్రం ఇతన్ని పోలీసులకు అప్పగించేస్తాం.”

అతని ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో బిత్రుస్ కూర్చుని ఉన్నాడు. నైజీరియాలో జోస్ అనే ఊరతనిది. మా గార్డులందరిలోకీ పొడగరి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడ మీది గడియారాన్నే చూస్తున్నాడు.

జరిగింది ఇది. హోల్‌సేల్ మార్కెట్ పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడ గేటు దగ్గర బిత్రుస్, లోపల సరుకు దించే అరుగు దగ్గర హారూనా డ్యూటీ చేస్తారు. హారూనాదీ జోసే. అతను ముస్లిం, బిత్రుస్ క్యాథలిక్. నిన్న శుక్రవారం, పొద్దు గూకగానే హారూనా గార్డు గదిలో రంజాన్ ఉపవాసం విడిచి, బిత్రుస్ ఇచ్చిన అన్నం ప్యాకెట్ తిన్నాడు. తిని అరుగు మీదికి ఇనుప మెట్లు ఎక్కుతూ తూలి, వెనక్కి పడిపోయాడు. తల పగిలింది. అతని కడుపులో నిద్రమాత్రలు ఉన్నాయని, అవీ మామూలు మోతాదు కాదని డాక్టర్లు చెప్పారు.

“బిత్రుస్,” అన్నాడు మనీష్, నాకు వినిపించాలని మళ్ళీ మొదటినుంచి. “పోయిన వారం జోస్‌లో మీ అన్న చచ్చిపోయాడు. ఎవరు చంపారు?”

“మా పెదనాన్న కొడుకు. అల్లర్లలో పోయాడు. ఎవరు చంపారో చూసినవాళ్ళు లేరు.”

అతను మాట్లాడింది సగం హిందీ, సగం ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను.

“హారూనా మతం వాళ్ళు చంపారని నువ్వు క్యాంపులో అరిచావు. బారక్ మొత్తం విన్నది.”

“అరిచాను. నీవాళ్ళు అన్నాను. వాడూ నీవాళ్ళు అన్నాడు, ఎందుకంటే అంతకుముందు నెల వాడి మేనమామ దుకాణం తగలబెట్టారు. చాలా మాటలు అనుకున్నాం. మర్నాడు డ్యూటీలో మళ్ళీ ఒకే చాప మీద కూర్చున్నాం. ఆ గదిలో ఇంకో చాప లేదు.”

“రోజూ ఆ ప్యాకెట్ ఇద్దరూ పంచుకుని తింటారు. నిన్న నువ్వు ముట్టలేదు. అవునా?”

“అవును సార్. నిన్న చికెన్ పెట్టారు. శుక్రవారం నేను మాంసం తినను.”

మనీష్ నా వైపు తిరిగి నవ్వాడు. “డిసెంబరులో క్యాంప్ పార్టీ కూడా శుక్రవారమే. ఇతను రెండు ప్లేట్ల బిర్యానీ లాగించడం నా కళ్ళతో చూశాను.”

“అది డిసెంబరు,” అన్నాడు బిత్రుస్.

“తేడా ఏంటి? కోడి మారిందా?”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “బిత్రుస్, నిన్న ప్యాకెట్ ఎవరు తెచ్చారు?”

“రావు సార్. రంజాన్‌లో పగలు ఉపవాసం లేని వాళ్ళకే మెస్ నుంచి ప్యాకెట్ వస్తుంది. ఆ సైటులో అది నా ఒక్కడికే. ఒక్క ప్యాకెట్ కోసం వ్యాన్ ఎందుకని మధ్యాహ్నం రావు సారే కార్లో తెచ్చి ఇచ్చారు. వేడిగా ఉంది, తినెయ్ అన్నారు. కాసేపాగి మళ్ళీ వచ్చి, తిన్నావా అని కూడా అడిగారు.”

వేణుగోపాలరావు సార్ మా ఆపరేషన్స్ మేనేజర్. నాకు వీసా ఇప్పించి ఈ ఉద్యోగంలో పెట్టిన మనిషి. గార్డుకి అన్నం తనే మోసుకెళ్ళాడంటే నాకు గర్వంగానే అనిపించింది.

“మరి వేడిగా ఉన్నప్పుడే ఎందుకు తినలేదు?”

బిత్రుస్ కొంచెం ఇబ్బంది పడ్డాడు. “నేనూ ఉపవాసమే. ఈ ఏడాది మా ఉపవాసాలూ వాళ్ళవీ ఒకే రోజు మొదలయ్యాయి. వాడు తినకుండా నిలబడితే నేను తినడం ఏం బాగుంటుందని, నేనూ పొద్దు గూకే దాకా ఆగుతున్నాను. హారూనాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉపవాసం ఊరికి చాటుకోవద్దని మా బైబిల్లో ఉంది.”

“చూశారా,” అన్నాడు మనీష్. “సాక్షి ఒక్కడే. వాడికి స్పృహ లేదు. చక్కటి ఏర్పాటు.”

బిత్రుస్ మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. “మేడమ్, నన్ను పోలీసులకు ఇవ్వండి, పర్వాలేదు. పొద్దున మెస్‌లో అందరి ముందూ ఈ సార్ నన్ను విషం పెట్టినవాడన్నారు. అక్కడ మా ఊరివాళ్ళు ఉన్నారు. ఆ మాట జోస్ చేరితే మా వీధి మిగలదు. రోడ్డుకి అటు వాళ్ళ ఇళ్ళు, ఇటు మావి. మా అమ్మ, చెల్లెలు రోడ్డు వారనే ఉంటారు. సాయంత్రం కాకముందే ఎవరు పెట్టారో తేల్చండి. లేకపోతే మీరు తేల్చినా మాకు పనికిరాదు.”

మనీష్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

*

గార్డు గది తలుపు నేనే తీశాను. మనీష్ తన కారులో నా వెనకే వచ్చాడు. నన్ను ఒంటరిగా వెతకనిస్తే ఎక్కడ ఏం దొరికిపోతుందోనని అతనికీ లోపల ఉన్నట్టుంది. అది గమనించి నాకు కొంచెం తృప్తిగా అనిపించింది.

లోపల చాప, నీళ్ళ సీసాలు, ఖర్జూరాల డబ్బా ఉన్నాయి. చాపకు ఒక పక్క అల్యూమినియం ప్యాకెట్, అందులో కోడి ఎముకలు, అడుగున కాస్త గ్రేవీ. రెండో పక్క తెరిచిన చేపల డబ్బా, రొట్టె ముక్కలు. ఖర్జూరం గింజలు మాత్రం రెండు పక్కలా ఉన్నాయి.

“ఇంకేం కావాలి?” అన్నాడు మనీష్. “తనకి విడిగా చేపల డబ్బా తెచ్చుకున్నాడు. ప్యాకెట్ తినకూడదని ముందే తెలుసన్నమాట. రాసుకోండి.”

నేను రాసుకోలేదు. మూలన చెత్త వేసే అట్టపెట్టె ఉంది. చేతికి కవరు తొడుక్కుని దాన్ని చాప మీద బోర్లించాను. టీ కప్పులు, అరటితొక్కలు, అన్నిటికన్నా అడుగున అవే చేపల డబ్బాలు ఇంకో రెండు. ఒకదాని అంచు తుప్పు పట్టింది. రెండోదానిలో నూనె ఇంకా పచ్చిగానే ఉంది.

“ఇవి నిన్నటివి కావు,” అన్నాను. “ఒకటి పోయిన శుక్రవారానిది. ఇంకోటి అంతకుముందుది.”

“చేప మాత్రం మాంసం కాదా?”

“క్యాథలిక్‌లకు కాదు. నేను చదివింది సిస్టర్ల హాస్టల్ల. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు వాళ్ళకు తపస్సుకాలం. శుక్రవారం వంటింట్ల చికెన్ వాసనే ఉండది. మాకు చేపల పులుసు పోసి, ఇదే ఎక్కువ అనుకోండి అనేటోళ్ళు. డిసెంబరుల ఆ పట్టింపు లేదు, అందుకే బిర్యానీ తిన్నడు. ఇందాక ఆయన చెప్పింది అదే. మీరు నవ్విన్రు.”

కోపం వచ్చినప్పుడు నా నోట మెట్‌పల్లి తెలుగే వస్తుంది. మనీష్ ముందు అలా మాట్లాడకూడదని ఎప్పుడూ అనుకుంటాను.

“సరే,” అన్నాడు అతను, తుప్పు డబ్బాను వేలితో తిప్పుతూ. “తినకపోవడం అలవాటే అనుకుందాం. మాత్రలు కలపలేదని దానివల్ల రుజువవుతుందా?”

“కాదు. కానీ మీ దగ్గరున్న ఒక్క రుజువు పోయింది. ఇప్పుడు ఇంకోలా చూడండి. ఈ ప్యాకెట్ బిత్రుస్ పేరు మీద వచ్చింది. ఉపవాసం సంగతి తెలియని ఎవరైనా, అతను మధ్యాహ్నమే తింటాడని అనుకుంటారు.”

“అంటే మాత్రలు బిత్రుస్ కోసమంటారా? పగలు గేటు దగ్గర నిద్రపుచ్చి ఎవరికి ఏం లాభం?”

నాకూ తెలియలేదు. తెలియదని అతని ముందు ఒప్పుకోవడం ఇష్టం లేక బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర బిత్రుస్ స్థానంలో రఫీక్ నిలబడి ఉన్నాడు. నిర్మల్ నుంచి వచ్చిన గార్డు. నన్ను చూసి సెల్యూట్ కొట్టి, వెంటనే గొణిగాడు.

“అక్కా, ఇయ్యాల సుత నన్నే ఏసిన్రు. నిన్నటి సెలవు పాయె, ఇయ్యాలటిదీ పాయె.”

“నిన్న నీకు డ్యూటీ లేదు కద?”

“లేదు. జుమ్మా నమాజ్ అయి బయటికొచ్చిన్నో లేదో, రావు సార్ కారు ఆగింది. యూనిఫాం ఏసుకో, యల్లా, జల్ది, గేటు కాడ నిలబడాలె అన్నడు. ఉపాసం మీద ఉరికిన. ఈడిదాకా తోలుకొచ్చిండు. నన్ను కార్లనే కూసోమని, ఆయన దిగిండు. ఫోన్ కెమెరా పట్టుకొని ఆ రూములకు మెల్లగ పోయిండు, పిల్లి లెక్క. బిత్రుస్ ఎనకనుంచి వచ్చి సలాం కొట్టిండు. సార్ మొఖం చూడాలె అక్కా నువ్వు. నాకు నవ్వొచ్చింది గని నవ్వలే. మళ్ల నన్ను తీస్కపోయి క్యాంపుల దించిండు. ఎందుకు తెచ్చిండు, ఎందుకు తీస్కపోయిండు, అల్లాకే ఎరుక.”

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక మనీష్ అడుగుల చప్పుడు కూడా ఆగింది.

ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే రిలీఫ్ మనిషిని తెస్తారు. రఫీక్‌ను కారెక్కించే వేళకు బిత్రుస్ నిటారుగా నిలబడి గేటు కాస్తున్నాడు. అతను పడిపోతాడని ముందే తెలిసిన మనిషి మాత్రమే, అతని జాగాలో నిలబెట్టడానికి ఇంకొకడిని వెంట తీసుకొస్తాడు.

ఎందుకో కూడా అప్పుడే తట్టింది. పోయిన నెల ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని పిలిచిన మీటింగుకు నేనూ వెళ్ళాను. ముసలాయన బిత్రుస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో కాఫీ పోసి ఇచ్చాడు. ఇకమీదట నా సైట్లన్నీ ఇతనే చూసుకోవాలి, మీ కంపెనీ నుంచి ఇంకెవరూ రానక్కర్లేదు అన్నాడు. రావు సార్ గోడ దగ్గర నిలబడి చిరునవ్వు నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. మనీష్‌కు సీనియర్ పోస్టు వచ్చిన రోజు అందరితోపాటు చప్పట్లు కొడుతూ నేనూ అలాగే నవ్వాను.

“నేను వెళ్ళి అడుగుతాను,” అన్నాడు మనీష్.

“వద్దు. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి. నేనే అడగాలి.”

*

క్యాంప్ ఆఫీసు కేబిన్‌లో పరదాలు దించి ఉన్నాయి. రావు సార్ టీ తాగుతున్నారు.

“రా అమ్మా భావనా. రిపోర్టు అయిందా?”

“సార్, నిన్న రఫీక్‌ను కార్లో ఎందుకు తీసుకెళ్ళారు?”

కప్పు సగం దూరంలో ఆగింది. “రిలీఫ్‌కి.”

“ఎవరికి రిలీఫ్ సార్? అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు.”

ఆయన కప్పు కింద పెట్టారు.

“నిన్ను ఈ దేశం తీసుకొచ్చింది ఎవరమ్మా?”

“మీరే సార్.”

“మర్చిపోలేదన్నమాట.”

“మర్చిపోలేదు సార్. అందుకే తలుపు వేసి అడుగుతున్నా.”

ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. అవి లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. “పద్దెనిమిదేళ్ళు ఆ ముసలాయనకి సలాం కొట్టానమ్మా. ఒక్క రోజు కూర్చోమనలేదు. నిన్న గాక మొన్న వచ్చిన గేటువాడికి కాఫీ పోశాడు. ఆ కాఫీ నా కళ్ళల్లో పోసినట్టుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టక నేను వేసుకునే మాత్రలే అవి. వాడు పోస్టులో నిద్రపోతాడు, ఫోటో తీస్తాను, ఇంటికి పోతాడు. అంతే అనుకున్నాను. రెండోవాడు తింటాడని నాకేం తెలుసు? పట్టపగలు ఆకలేసినవాడు అన్నం దాచుకుంటాడని ఎవడనుకుంటాడు?”

“వాళ్ళు ఎప్పుడు తింటరో తెలియకుండనే ఇన్నేండ్ల నుంచి అన్నం పంపిస్తున్నం సార్.”

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. ముందుకు వంగి గొంతు తగ్గించారు. “మనీష్ చెప్పినట్టే పోనీ అమ్మా. వాళ్ళ దేశంలో వాళ్ళూ వాళ్ళూ ఎలాగూ కొట్టుకు చస్తున్నారు. ఒకడు ఇంకొకడికి పెట్టాడంటే ఎవరైనా నమ్ముతారు. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. నీ సీనియర్ పోస్టు నేను చూసుకుంటాను.”

నిజం చెప్పాలి. ఆ చివరి మాటకు నా మనసు ఒక్క క్షణం ఆగింది. కార్డు మీద ఆ అక్షరాలు ఎలా ఉంటాయో కూడా కళ్ళకు కట్టింది.

తలుపు తెరుచుకుంది. మనీష్ నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. ముఖం పాలిపోయి ఉంది.

“రెండో ప్రశ్న వెయ్యనివాణ్ణి నేనే సార్,” అన్నాడు. “పీఆర్వోకి ఫోన్ చేశాను. పోలీసులు వస్తారు. మీకోసం.” తర్వాత నా వైపు తిరిగాడు. “భావన గారూ, బిత్రుస్ చెల్లెలు ఫోన్ చేసిందట. పొద్దున మెస్‌లో నేనన్న మాట ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారు. వాళ్ళ వీధి చివర కుర్రాళ్ళు గుమిగూడుతున్నారు. రెండు వైపులా.”

అంతలో నా ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి జహనారా. హైదరాబాద్ నర్సు, మా గార్డులు ఎవరు చేరినా నాకు కబురు చెప్పే మనిషి.

“భావనా, నీ మనిషి కండ్లు తెరిచిండు. అమ్మా అంటుండు. జల్దీ రా.”

*

మనీష్ కారు నడిపాడు. వెనక సీట్లో బిత్రుస్ ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు.

తలకు కట్టుతో హారూనా మంచం మీద సొమ్మసిల్లినట్టు ఉన్నాడు. బిత్రుస్‌ను చూసి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను. “చికెన్ బాగాలేదట,” అన్నాడు బిత్రుస్. నవ్వబోయి తల పక్కకు తిప్పుకున్నాడు.

జరిగింది చెప్పాను. హారూనా అంతా విని, ఒక్కటే అడిగాడు. “మా అమ్మకు కలపండి.”

అతని తల్లి పేరు హదీజా. ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. ఆమె వెనక జనం గోల వినిపిస్తోంది. హారూనా నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాడు. బిత్రుస్ నా చెవి దగ్గర హిందీలోకి తిప్పి చెప్పాడు: నేను బతికే ఉన్నాను. బిత్రుస్ నాకు విషం పెట్టలేదు. విషం వాడికోసం వచ్చింది, వాడు నాకోసం ఆగబట్టి నా కడుపులోకి పోయింది.

“ఈ మాట రికార్డు చేసి పంపిద్దాం,” అన్నాడు మనీష్. “గ్రూపుల్లో పెట్టమనండి.”

బిత్రుస్ అది చెప్పాడు. అటునుంచి ఆమె జవాబు పొట్టిగా వచ్చింది.

“పొద్దున వచ్చిందీ రికార్డే కదా, ఇంకో రికార్డును ఎవరు నమ్ముతారు అంటోంది,” అన్నాడు బిత్రుస్. “ఫోన్ పెట్టెయ్యొద్దంటోంది. రోడ్డు మీదికి తీసుకెళ్తుందట. మా ఇంటి వైపుకి.” అతను నా వైపు తిరిగాడు. “వద్దనండి మేడమ్. ఆ రోడ్డు మధ్యలోకి ఎవరూ వెళ్ళరు. రెండు వైపులా రాళ్ళు పట్టుకుని ఉన్నారు.”

హారూనా వద్దని చెప్పాడు. బిత్రుస్ చెప్పాడు. తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత గోల ఒక్కసారిగా దగ్గరైంది. ఆ గోలలోంచి ఆమె గొంతు, గట్టిగా, ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ, మందలిస్తూ.

“మాట్లాడు అంటోంది,” అన్నాడు బిత్రుస్. “హారూనా, మాట్లాడుతూనే ఉండు అంటోంది.”

హారూనా మాట్లాడాడు. ఊపిరి చాలక జహనారా ఆపబోయినా ఆగలేదు. ఒక మాట, ఇంకో మాట. ఫోన్‌లో ఏదో పగిలినట్టు చప్పుడైంది. లైన్ తెగిపోయింది.

బిత్రుస్ మళ్ళీ కలిపాడు, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు. మనీష్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అతన్ని చూస్తే ఆ రోజు నాకు మొదటిసారి అసూయ కలగలేదు.

చదివేవాళ్ళకు ఒక్క మనవి. నేరం చేసినవాడి పేరు మీకు ఎలాగూ గుర్తుంటుంది, కనిపెట్టినవాళ్ళ పేరు కూడా ఉండొచ్చు. రోడ్డుకి అటువైపు ఇంట్లోంచి చేతిలో ఫోన్‌తో బయటికి నడిచిన తల్లి పేరు హదీజా. ఆమెను గుర్తుంచుకోండి.